ముందుచూపు టోపీ

సమ్మయ్య ప్రాణం పోయిన క్షణాన్ని అతని చెల్లెలు యశోద చూసింది. కాని తాను చూస్తున్నది అన్న చావు అని ఆమెకు తెలియదు.

ఆ రోజు ఆమె ప్రయోగశాలలో తెర ముందు కూర్చుని ఉంది. నగరానికి ఆ కొసన మిల్లు బస్తీలో తొమ్మిది రోజులుగా నల్లా నీళ్ళు రాక, జనం ట్యాంకు దగ్గర చేరి గొడవ చేస్తున్నారు. వాళ్ళను చెదరగొట్టడానికి పన్నెండు మంది పోలీసులు వెళ్ళారు. పన్నెండు తలల మీదా యశోద తయారుచేసిన టోపీలే ఉన్నాయి. 'ముందుచూపు' అని వాటికి పేరు పెట్టింది మాత్రం ప్రయోగశాల అధిపతి ఫణికుమార్. టోపీ నుదుటిలోంచి కంటికి కనిపించని రేడియో అలలు వెళ్ళి, ఎదుటి మనిషి రొమ్మును తాకి తిరిగొస్తాయి. గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో మోసుకొస్తాయి. మీదపడి కొట్టబోయే మనిషి గుండెలా అది కొట్టుకుంటే టోపీ మీద ఎర్రదీపం వెలుగుతుంది.

ఆ గుండెలన్నీ యశోద తెర మీద నంబర్లుగా కనిపిస్తాయి. మనుషులు కనిపించరు. సాయంత్రం నాలుగూ పన్నెండుకు ఏడో టోపీ ముందున్న ముప్పై ఒకటో గుండె నిమిషానికి నూట నలభై ఎనిమిది చొప్పున కొట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది. పక్క గడిలో 'చేతుల కదలిక' అని ఉంటుంది. అక్కడ సున్నా ఉంది. యశోదకు అది వింతగా తోచింది. కొట్టబోయేవాడి చేతులు ఊరికే ఉండవు కదా. ఆ మాట రాసుకుందామని పెన్ను తీసేలోపు గుండె గీత ఒక్కసారి ఎగిరిపడింది. నాలుగైదు వంకర్లు పోయి, తర్వాత సాఫుగా సాగిపోయింది. "31, సిగ్నల్ పోయింది" అని పుస్తకంలో రాసి ఆమె టీ తాగడానికి లేచింది.

కప్పులో టీ సగం ఉండగానే వదిన స్వరూప ఫోను చేసింది.

"యశోదా, మీ అన్నను కాల్చిండ్రు. నీళ్ళిడువనీకి పోయిండు. గంతే పిల్లా, నీళ్ళిడువనీకి పోయిండు."

సమ్మయ్య మున్సిపాలిటీలో వాల్వులు తిప్పే మనిషి. మనిషెత్తు ఇనుప చువ్వ భుజాన వేసుకుని రోజూ బస్తీ అంతా తిరిగేవాడు. చువ్వ కొసను గుంతలోకి దించి, పైనున్న అడ్డపిడి పట్టుకుని తిప్పితే నీళ్ళు కదిలేవి. ఆ రోజు పైనుంచి అనుమతి రాగానే చువ్వ తీసుకుని పరుగున వెళ్ళాడు.

యశోదను చదివించింది అతనే. ఆమెకు పదేళ్ళప్పుడు మిల్లు గోదాము కూలి వాళ్ళ నాన్న దాని కింద పడ్డాడు. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియలేదు. రెండో రోజు దొరికాడు. అప్పటికి ఊపిరి ఆగి కొద్ది గంటలే అయిందని డాక్టరు చెప్పాడు. కూలిన గోడల కింద ఊపిరిని వెతికే యంత్రం చేయాలని యశోద ఇంజనీరైంది. చేసింది కూడా. దాన్ని చూసిన ఫణికుమార్ "గోడలు ఏడాదికోసారి కూలుతాయి. గొడవలు రోజూ జరుగుతాయి" అన్నాడు. యంత్రం టోపీలోకి ఎక్కింది.

శవాన్ని ఇంటికి తెచ్చేసరికి బస్తీ అంతా వాకిట్లో ఉంది. యశోద వస్తుంటే ఎవరూ పలకరించలేదు. దారి మాత్రం ఇచ్చారు. స్వరూప భర్త తల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"చువ్వ లేపిండని రాసుకున్నరట పోలీసోళ్ళు. దాంతోని కొట్టనీకొచ్చిండట" అంది స్వరూప. "నీ టోపీ జెప్పిందట, ఆయనకు కోపమొచ్చిందని. యశోదా, మీ అన్నకు థైరాయిడున్నదని నీకెర్క లేదా? గుండె దడదడ కొట్టుకుంటదని నెలనెల గోలీలు తెచ్చిచ్చేది నువ్వే గద?"

"నేనే వదినా."

"మరి నీ మిషినికి జెప్పలేదా?"

యశోద అన్న కాళ్ళ మీద తల పెట్టింది.

ఆరు నెలల కిందట టోపీలను మొదటిసారి పరీక్షించింది ఈ బస్తీలోనే. ప్రయోగశాలలో ఎనభై మంది కాలేజీ కుర్రాళ్ళు ఇసుక సంచిని గుద్దబోయే ముందు వాళ్ళ గుండెలు ఎలా కొట్టుకుంటాయో యశోద యంత్రానికి నేర్పింది. ఆ కుర్రాళ్ళెవరూ లాఠీ దెబ్బ తిన్నవాళ్ళు కాదు. బస్తీలోకి వచ్చేసరికి టోపీలు కూరగాయల ముసలమ్మకు ఎర్రగా వెలిగాయి. చంటిబిడ్డ తల్లికి వెలిగాయి. అంతకు ముందటి ఎండాకాలం ఇళ్ళల్లో దూరి పోలీసులు కొట్టిన దెబ్బలు ఎవరూ మరిచిపోలేదు. ఖాకీ కనబడితే చాలు గుండెలు అదిరేవి. 'భయానికీ కోపానికీ యంత్రం తేడా పట్టలేకపోతోంది. వీధుల్లో వాడకూడదు' అని యశోద ఒక పేజీ రాసింది.

ఫణికుమార్ ఆ పేజీ తీసేశాడు. "నువ్వక్కడ పుట్టినదానివి కదా, అందుకే నీకలా అనిపిస్తోంది. శాస్త్రవేత్తవో బస్తీ పిల్లవో తేల్చుకో" అన్నాడు. ఆ మాట ఆమెను ముల్లులా గుచ్చింది. శాస్త్రవేత్తనని రుజువు చేసుకోవడానికి పేజీ లేని నివేదిక మీద సంతకం పెట్టింది.

పదకొండో రోజు ముగిశాక ఆమె మళ్ళీ ప్రయోగశాలకు వెళ్ళింది. ముప్పై ఒకటో గుండె రికార్డు తీద్దామంటే తెర తెరుచుకోలేదు. ఫణికుమార్ తాళం వేశాడు. "అది పోలీసుల ఆస్తి, మన చేతుల్లో లేదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఏసీపీ విఠల్‌రావు వచ్చాడు. టోపీల పథకం నడిపేది అతనే. యశోద గది గుమ్మంలో నిలబడి, బాధ పడుతున్నట్టు తల ఊపాడు.

"మీ అన్నయ్య అని తర్వాత తెలిసింది మేడమ్. బాధాకరం. కాని మీ టోపీ మా కానిస్టేబుల్ ప్రాణం కాపాడింది. యంత్రానికి బంధుత్వాలుండవు చూడండి, అదే దాని గొప్పతనం. అది అబద్ధం చెప్పదు."

"చెప్పదా సార్?"

"చెప్పదు. విచారణలో ప్రమాణం చేసి మరీ చెబుతాను."

"అలాగే చెప్పండి సార్" అంది యశోద.

ఆ రాత్రి సంగతంతా విన్న స్వరూప "ఆడు గజగజ వణుకుతుంటె సూడాలె నేను" అంది. మర్నాటి నుంచి యశోద ఇంటికి త్వరగా పోవడం మానేసింది. టోపీ వేసుకున్న కానిస్టేబుళ్ళకు ఇచ్చిన శిక్షణ రికార్డులన్నీ ఒక్కొక్కటే చూసింది. వాటికి తాళం లేదు. ఎర్రదీపం వెలగ్గానే టోపీ రెండేసి సెకన్ల తేడాతో మూడుసార్లు కూస్తుంది. మొదటి కూతకు చెయ్యి పిస్టల్ మీదికి పోవాలి. రెండో కూతకు పిస్టల్ గురి మీదికి రావాలి. మూడో కూతలోపు ఎదుటివాడు వెనక్కి తగ్గకపోతే కాల్చాలి. ఈ పద్ధతి రాసి సంతకం చేసింది విఠల్‌రావు. ఒక్కొక్క కానిస్టేబులు చేత అట్టబొమ్మల ముందు నాలుగు వందల సార్లు చేయించారు. వందోసారికి వాళ్ళు ఇంకా బొమ్మ ముఖం చూస్తున్నారు. నాలుగు వందోసారికి కూత వినబడగానే చెయ్యి లేస్తోంది, చూపు ఎక్కడో ఉంటోంది. సమ్మయ్యను కాల్చిన ఉపేందర్ వీడియో యశోద ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఆఖరి వీడియోలో అతని చేతికి అతనితో పని లేదు.

అక్కడే ఆమెకు దారి దొరికింది. యంత్రంలో ఒక్క మర కూడా ముట్టుకోనక్కర్లేదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు విఠల్‌రావు ఎదుట నిలబెడితే చాలు.

విచారణకు పాత కలెక్టరాఫీసు హాలు ఇచ్చారు. పదవీ విరమణ చేసిన జడ్జి శారదాంబ విచారణాధికారి. ఉదయం పదకొండింటికే హాలు నిండింది. బస్తీ జనం వెనక బెంచీల మీద కూర్చున్నారు. స్వరూప ముందు వరసలో ఉంది. కొయ్య కటకటాల బోనులో నిలబడి విఠల్‌రావు ప్రమాణం చేశాడు.

"ఎర్రదీపం వెలిగిందంటే ఆ మనిషి దాడికి సిద్ధంగా ఉన్నట్టేనా?" అని అడిగింది శారదాంబ.

"అంతే మేడమ్. మనిషి అబద్ధమాడతాడు, గుండె ఆడదు."

"భయపడినా వెలగవచ్చు కదా?"

"వెలగదు. అయినా తప్పు చేయనివాడికి పోలీసును చూస్తే భయమెందుకు మేడమ్?"

వెనక బెంచీలో ఎవరో ఒకాయన పకపక నవ్వాడు. గుమాస్తా ఆ మాటలన్నీ టైపు కొట్టాడు.

తర్వాత యశోదను పిలిచారు. "మాటలతో కంటే చూపిస్తేనే అర్థమవుతుందండీ. ఆ రోజు టోపీ పెట్టుకున్న కానిస్టేబులే పెట్టుకోవాలి. ఆ రోజు ఎలా ఉన్నాడో అలాగే రావాలి, బెల్టుతో సహా. ఏసీపీ గారు ఎదురుగా నిలబడితే చాలు" అంది.

విఠల్‌రావు నవ్వాడు. "మాకేం అభ్యంతరం లేదు."

"తుపాకీ?" అంది శారదాంబ.

"ఖాళీ చేసే ఉంటుంది మేడమ్."

ఉపేందర్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడని యశోదకు తెలుసు. ఉదయం గేటు దగ్గర బెల్టుతోనే కనబడ్డాడు. ఖాళీ చేశాడో లేదో ఎవరూ తీసి చూడలేదు. ఆమె కూడా అడగలేదు.

ఉపేందర్ టోపీ పెట్టుకుని బోనుకు ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. నుదుటి మీద పచ్చదీపం వెలిగింది. విఠల్‌రావు రెండు చేతులూ చాచి జనం వైపు తిరిగాడు. "చూశారా? మనసులో ఏమీ లేనివాడికి పచ్చ."

యశోద తన కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. చూడాల్సిన పని లేదు, అంతా కంఠతా వచ్చు.

"ఏసీపీ గారూ, ఈ టోపీ గుండె ఒక్కటే చూస్తుందని మీరనుకుంటున్నారు. అది చేతుల్ని కూడా చూస్తుంది. నాలుగూ పన్నెండుకు ఏడో టోపీ ముందు మా అన్న నిలబడ్డాడు. అప్పుడు చేతుల కదలిక సున్నా. ఆయన చువ్వ లేపలేదు. ఆ లెక్క నా తెర మీద పడింది, నేను చూశాను. ఆ రికార్డుకే ఇప్పుడు తాళం వేశారు. ఈ పూట దాన్ని తెరిపించమని జడ్జి అమ్మగారిని అడుగుతున్నాను."

విఠల్‌రావు ముఖంలో నవ్వు అలాగే ఉంది. లోపల గుండె మాత్రం ఆ నవ్వు మాట వినలేదు.

ఎర్రదీపం వెలిగింది. టోపీ కూసింది.

ఉపేందర్ చెయ్యి నడుము మీదికి పోయింది. అతని కళ్ళు విఠల్‌రావు ముఖం మీద లేవు, రొమ్ము మీద ఉన్నాయి. హాలంతా దిగ్గున లేచింది. విఠల్‌రావు వెనక్కి అడుగేయబోయాడు. కటకటాలు నడుముకు తగిలాయి. తగ్గడానికి చోటు లేదు.

రెండో కూత వినబడింది. పిస్టల్ పైకి లేచింది.

"ఒరేయ్ ఉపేందర్, నేనురా! కోపం కాదురా, భయంరా! భయపడినా వెలుగుద్దిరా అది!"

గుమాస్తా వేళ్ళు అలవాటు కొద్దీ ఆ మాటలు కూడా కొట్టేశాయి.

యశోద ఉపేందర్‌కు మూడు అడుగుల దూరంలో ఉంది. టోపీ వెనక ఒక బొత్తాం ఉంది, నొక్కితే ఆగిపోతుంది. ఆ బొత్తాం పెట్టింది ఆమే. పోనీ, "ఆగు" అని ఒక్క మాట అంటే చాలు. ఆమె నోరు తెరవలేదు. విఠల్‌రావు కళ్ళల్లోకి చూస్తూ ఉంది. చివరి క్షణాల్లో అన్న కళ్ళు ఎలా ఉండి ఉంటాయో తెర మీద కనిపించలేదు. ఇప్పుడు ఇక్కడ కనిపిస్తున్నాయి. చల్లటి నీళ్ళు గొంతులోకి దిగినట్టుంది ఆమెకు.

"టోపీ తియ్యి బిడ్డా!"

అరిచింది స్వరూప. ముందు వరసలోంచి లేచి ఉపేందర్ పక్కకు వచ్చేసింది. "టోపీ తీసి మనిషిని సూడు! తియ్యి!"

ఉపేందర్ ఎడం చెయ్యి పైకి లేచి టోపీ పట్టి లాగేసింది. అది నేల మీద దొర్లింది. మూడో కూత నేల మీదే కూసింది. అతను తన చేతిలోని పిస్టల్‌ను చూసుకుని, ఎవరో పెట్టి పోయినట్టు బల్ల మీద పెట్టేసి, అక్కడే కూలబడ్డాడు.

"నేను గిట్లనే గాల్చిన అమ్మా" అన్నాడు స్వరూపతో. "టోపీ కూయకముందే ఆయన నన్ను జూసి చువ్వ కింద పెట్టిండు. రెండు చేతులు జూపెట్టి కదలకుంట నిలబడ్డడు. 'బిడ్డా, నీళ్ళిడుస్త, జరుగు' అన్నడు. నాకు ఇనబడ్డది. గని నా చెయ్యి ఆగలేదమ్మా. సచ్చిపోయినంక గీ ఏసీపీ సారే వచ్చి చువ్వను ఆయన చేతుల పెట్టమన్నడు. నేనే పెట్టిన."

బెంచీల మీద ఏడుపు లేచింది. విఠల్‌రావు కటకటాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని ఖాకీ ప్యాంటు తడిసింది. జనం చూశారు.

శారదాంబ పిస్టల్ విప్పించి చూసింది. లోపల ఆరు గుండ్లున్నాయి.

రికార్డు తెరిచారు. చేతుల కదలిక గడిలో సున్నాయే ఉంది. విఠల్‌రావు ఉద్యోగం పోయింది, కేసు నమోదైంది. ఉపేందర్ తానే ఒప్పుకుని జైలుకు పోయాడు. టోపీలన్నీ వెనక్కి తెచ్చి గోదాములో పడేశారు. ఫణికుమార్ తీసేసిన పేజీ గురించీ, తాను పెట్టిన సంతకం గురించీ యశోదే రాసిచ్చి ఉద్యోగం వదిలేసింది. ఫణికుమార్‌కు మాత్రం ఏమీ కాలేదు. వేరే నగరంలో వేరే ప్రయోగశాలకు అధిపతిగా వెళ్ళాడు.

బస్తీకి కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మంచి మనిషి. ఉత్త తలతో, లాఠీ లేకుండా ఇంటింటికీ తిరిగి దండం పెట్టింది. కమ్యూనిటీ హాల్లో రెండు వందల కుర్చీలు వేయించి, మాట్లాడుకుందాం రమ్మంది. ఇద్దరు వచ్చారు, వాళ్ళూ కుర్చీలు మోసినవాళ్ళే. తర్వాతి నెలలో మూడిళ్ళల్లో దొంగలు పడ్డారు. ఒక్కరూ స్టేషనుకు పోలేదు.

విచారణ అయిన మూడో రోజు యశోద వదిన ఇంటికి వెళ్ళింది. స్వరూప వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"నువ్వు పక్కనే ఉంటివి. ఆ మిషిన్ను ఆపుతవనుకున్న. అరుస్తవనుకున్న" అంది.

"నువ్వే అన్నవు గద వదినా, ఆడు గజగజ వణుకుతుంటె సూడాలని."

"వణుకుడు సూడాలన్న. ఆ పిలగాని చేత ఇంకో ఖూనీ జేపియ్యమన్ననా?" స్వరూప గొంతు పెంచలేదు. "మీ అన్న చువ్వ కింద బెట్టి సచ్చిండు యశోదా. నువ్వు ఆయన చెల్లెవు. నాకు నీ మొఖం సూడబుద్ధి అయితలేదు. పో."

యశోద అక్కణ్ణుంచి వచ్చేసింది. స్టేషను రోడ్డులో మేడ మీది గది అద్దెకు తీసుకుని, రేడియోలు, మిక్సీలు బాగుచేసుకుంటూ బతకసాగింది. తిండి సహించేది కాదు. రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేసేది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే విఠల్‌రావు. బెయిలు మీద ఉన్నాడు. మాసిన చొక్కా. మనిషి సగమయ్యాడు.

"లోపలికి రానక్కర్లేదమ్మా. ఒక్క మాట అడిగి పోతాను" అన్నాడు. "ఆ రోజు నుంచి ఖాకీ చూస్తే నా గుండె దడ ఆగట్లేదు. వీధి చివర ట్రాఫిక్ కానిస్టేబులుంటే సందులోంచి తిరిగి పోతున్నాను. కోర్టుకు పోవాలంటే ముందు రోజే వాంతులు. ముప్పై ఏళ్ళు ఆ బట్టలు వేసుకున్నవాణ్ణి. నా యూనిఫాం ఇంట్లో కొయ్యకు వేలాడుతుంటే చూడలేక మా ఆవిడ చేత తీయించాను. డాక్టర్ల వల్ల కాలేదు. గుండెల సంగతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. దీనికి దారేమైనా ఉందా?"

దారి ఉంది. ప్రయోగశాలలో ఉన్నప్పుడే యశోద దాన్ని కనిపెట్టింది. తన గుండె గీతను తానే తెర మీద చూసుకుంటూ, ఊపిరిని దానికి జత చేసి రోజూ గంటసేపు కూర్చుంటే, ఎంత పాత దడ అయినా నాలుగైదు నెలల్లో దిగుతుంది. పదమూడు మంది మీద పరీక్షించింది. పదమూడు మందికీ దిగింది. దానికి కావలసిన పరికరం ఆమె వెనక బల్ల మీదే ఉంది.

కింద రోడ్డు మీద ఎక్కడో పోలీసు విజిల్ వినబడింది. విఠల్‌రావు చటుక్కున గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మెడ మీద నరం కొట్టుకోవడం యశోదకు స్పష్టంగా కనిపించింది. యంత్రం అక్కర్లేదు. నూట నలభై దాటి ఉంటుంది.

"లేదు" అంది యశోద.

"ఏమీ లేదా అమ్మా? ఇంక బతికినన్నాళ్ళూ ఇంతేనా?"

"ఇంతే."

ఆమె తలుపు వేసి గడియ పెట్టింది. అతను చాలాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతున్న చప్పుడు వినబడింది. అది ఆగేదాకా ఆమె వింది. అప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం వడ్డించుకుని, చింతతొక్కు వేసుకుని కలుపుకుంది. మొత్తం తినేసింది. ఇంకా ఆకలిగా ఉంటే గిన్నె వంచి మళ్ళీ పెట్టుకుంది.